అమెరికా ఆత్మవాదులు – మన ఆత్మపరీక్ష

ఎమర్సన్, థోరోల పేళ్లు వినబడినంతనే మన విద్యావంతులలో ననేకులకు గర్వము పొంగుట కలదు. “అది మన వేదాంతమే కదా! సముద్రము దాటి ఇంగ్లీషున మాటలాడినది” అని సభలలో పలుమారు వినుచుందుము. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని ఇచ్చినవారము మనమని సంతసించుటతోనే మన పని తీరునా? పుచ్చుకొన్నవారు దానితో నేమి చేసిరో, ఇచ్చిన మనము దానితో నేమి చేయుచున్నామో విచారింపవలదా?

పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికా రాజకీయముగా స్వతంత్రమే గాని, సాహిత్యమున ఇంకను ఇంగ్లండునకు సామంతదేశమే. అప్పటికే ఐరోపాలో కాల్పనికోద్యమము తలయెత్తి, తర్కముకంటె భావనకును, సంప్రదాయముకంటె వ్యక్తి యనుభూతికిని, నగరముకంటె ప్రకృతికిని పట్టము గట్టినది. తరువాతి కాలమున మన రాయప్రోలు, కృష్ణశాస్త్రిగార్ల భావకవిత్వమునకు దోహదమిచ్చినదియు ఆ గాలియే. అది అమెరికా చేరి మతవిచారముతో గలిసినప్పుడు ట్రాన్సెండెంటలిజము, అనగా అతీతవాదము, పుట్టినది. 1832లో చర్చి గురుత్వమును విడిచిన ఎమర్సన్ 1836లో ‘ప్రకృతి’ యను చిన్న గ్రంథమును, 1841లో పరమాత్మను గూర్చిన వ్యాసమును ప్రకటించెను. మనుష్యులందరియందును ఒకే యాత్మ వెలుగుచున్నదనియు, దానిని గుర్తించుటకు మధ్యవర్తి యక్కరలేదనియు నాతని సిద్ధాంతము.

ఆ 1836వ సంవత్సరముననే చింతామణి తాలూకాలోని కైవారమున నారాయణప్ప తాతయ్య సమాధి చెందెనని సంప్రదాయము. ఊరూర గాజులమ్మి జీవించిన ఆ యోగి తెలుగునను, కన్నడమునను కీర్తనలు పాడి, దేవుని లోపలనే వెదకుడని బోధించెను. అదే తాలూకాలోని కెంచార్లహళ్ళి రైతునకు ఎమర్సన్ పేరు తెలియనక్కరలేదు. ఆ తత్త్వము తాతయ్య కీర్తనలలో ఆతని యింటి భాషలోనే యున్నది.

రాకపోకలును లేకపోలేదు. 1785లో చార్లెస్ విల్కిన్స్ భగవద్గీతను ఇంగ్లీషు చేసెను. ఎమర్సన్ శిష్యుడైన థోరో 1845 మొదలు 1847 వరకు కాంకర్డు పట్టణసమీపమున వాల్డెన్ చెరువుగట్టున స్వహస్తములతో గట్టుకొన్న కుటీరములో నుండి, ఆ గీతను పఠించెను. వర్తకులు ఆ చెరువు మంచుగడ్డలను కోయుచుండగా జూచి, మద్రాసు, బొంబాయి, కలకత్తా వాసులు తన బావినీరు త్రాగుదురనియు, వాల్డెన్ జలము గంగతో కలియుననియు మురిసెను. మద్రాసు సముద్రతీరమున నున్న ‘ఐసుహౌసు’ ఆ మంచువర్తకపు గుర్తే. 1897లో పాశ్చాత్యదేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి బసచేసినదియు నందులోనే.

ఇంతవరకు మనకు ప్రియమైన కథ. ఇక మీదిది కఠినము. అందరియందును ఒకే యాత్మ యున్నచో, నీగ్రోను సంతలో నమ్ముట యెట్లు చెల్లును? ఈ ప్రశ్న థోరోను నిలువనీయలేదు. దాసత్వమును కాపాడుచు, మెక్సికోపై యుద్ధము సాగించు ప్రభుత్వమునకు తలపన్ను చెల్లింపనని యాతడు 1846లో ఒక రాత్రి చెరసాలలో గడపెను. మరియొకరెవరో పన్ను కట్టుటచే మరునాడు విడుదలయయ్యెను. ఆ రాత్రినుండియే 1849 నాటి శాసనోల్లంఘన వ్యాసము వెలువడినది. పారిపోయిన దాసులను పట్టియిచ్చుటకు పౌరులు తోడ్పడవలెనని 1850లో చట్టము రాగా, ఆందోళనములకు దూరముగా నుండిన ఎమర్సన్ సైతము, అట్టి చట్టమును ధిక్కరించుటయే ధర్మమని బహిరంగముగా పలికెను. చట్టమును నమ్ముకొని జీవించు మాబోటి వకీళ్లకు ఇది సుఖమైన పాఠము గాదు.

అతీతవాదుల యాశావాదమును అందరు నంగీకరింపలేదు. హాథార్న్ పూర్వికుడొకడు 1692లో సేలమున మంత్రగత్తెలని నేరము మోపబడిన స్త్రీలను విచారించిన న్యాయాధిపతులలో నొకడు. ఆ భారమును మోసిన హాథార్న్, మనుష్యుని లోపల దేవుడే గాక చీకటియు నున్నదని తన నవలలలో చూపెను. ఊరంతయు నొక్కటై యొకరిని వెలివేయునప్పుడు ఆ చీకటి ధర్మమను పేరనే నడచునని యాతని హెచ్చరిక.

గాంధీమహాత్ముడు 1907లో థోరో వ్యాసభాగములను తన ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో ప్రకటించెను. సత్యాగ్రహభావము థోరోనుండి తాను పుచ్చుకొన్నది కాదనియు, ఆ వ్యాసము తన చేతికందునాటికే దక్షిణాఫ్రికాలో ప్రతిఘటనము చాల ముందుకు సాగినదనియు, 1935లో పి. కోదండరావుగారికి వ్రాసిన జాబున స్పష్టపరచెను. పుట్టుక యెక్కడిదైనను, ఆ ధైర్యము మన సీమకును వచ్చినది. 1938 ఏప్రిల్ 25న గౌరీబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థమున, నిషేధాజ్ఞను లెక్కింపక జాతీయపతాకమునకై జనులు వేలుగా గుమిగూడిరి. పోలీసు కాల్పులలో పలువురు ప్రాణములర్పించిరి.

ప్రభుత్వము నెదిరించుటకు చాలిన ధైర్యము పొరుగువాని నెదిరించుటకు చాలినదా? 2000 మార్చి 11న ఈ చింతామణి తాలూకాలోనే, కంబాలపల్లిలో ఏడుగురు దళితులు సజీవదహనము చేయబడిరి. సాక్షులు ఎదురుతిరుగుటచే 2006లో నిందితులు న్యాయస్థానమున నిర్దోషులుగా విడువబడిరి. సాక్ష్యము లేనిదే న్యాయస్థానము శిక్షింపజాలదు. అది చట్టమునకు మర్యాద. భయమున్నచోట నోరు మూయబడుట బలహీనుని దోషమును గాదు. వానికి వెన్నుదన్నుగా నిలువని బలవంతులదే ఆ దోషము.

ఒకే యాత్మ యను మాట ఉపన్యాసమునకు సులభము, బోనులో నిలిచి నిజము చెప్పుటకు దుర్లభము. అమెరికా ఆత్మవాదులకు మనము గురువులమని చెప్పుకొనుట మానుదము. తాతయ్య సన్నిధికి కైవారమేగు భక్తుడు, తన యూరిలో అన్యాయము జరిగిననాడు పీడితుని పక్షమున సాక్షిగా నిలుచుటకు మ్రొక్కుకొనును గాక. సాక్షికి రక్షణ నిచ్చుట ప్రభుత్వము వంతు. వానిని వెలివేయకుండుట ఊరివారి వంతు. ఈ రెండును కుదిరిననాడే మన వేదాంతము కాంకర్డు చెరసాలలో గడచిన ఆ యొక్క రాత్రికి సరితూగును.