పట్టికలో మూడు వందల ఏళ్ల రోగి: ఆరోగ్య డేటా పాఠాల్లో టీఏ పని

గ్రాడ్యుయేట్ టీచింగ్ అసిస్టెంట్ అంటే ఎంఎస్సో, పీహెచ్‌డీయో చేస్తూ, అదే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌కు బోధనలో సాయపడే విద్యార్థి. అమెరికా క్యాంపస్‌లలో అందరూ వాడే పొట్టి పేరు టీఏ. ఆన్‌లైన్ కోర్సుల్లో పాఠాల వీడియోలు చాలావరకు ముందే సిద్ధమై ఉంటాయి. అందుకే సెమిస్టర్ పొడవునా సందేహాలు తీర్చేదీ, అసైన్‌మెంట్లు దిద్దేదీ ఎక్కువగా టీఏలే.

ఉదాహరణకు, అట్లాంటాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయం 2014 జనవరిలో ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ మొదలుపెట్టింది. హెల్త్ ఇన్ఫర్మాటిక్స్, ఆరోగ్య రంగానికి బిగ్ డేటా వంటి కోర్సులు అందులో ఉన్నాయి. చదివేవారిలో ఉద్యోగస్తులే ఎక్కువ. ఒక్కొక్కరిదీ ఒక్కో దేశం, ఒక్కో గడియారం. వేసవిలో అట్లాంటాలో రాత్రి ఎనిమిదికి టీఏ ఆన్‌లైన్‌లో కూర్చుంటే, హైదరాబాద్ విద్యార్థికి అది మర్నాటి తెల్లవారుజాము ఐదున్నర.

ఇలాంటి కోర్సుల్లో తరచూ వాడే డేటా మిమిక్-3. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి ఐసీయూల్లో 2001 నుంచి 2012 వరకు చికిత్స పొందిన 40 వేల మందికి పైగా రోగుల వివరాలు ఇందులో ఉన్నాయి. పైసా కట్టక్కర్లేదు గానీ, రోగుల గోప్యతపై శిక్షణ పూర్తిచేసి, ఒప్పందంపై సంతకం పెట్టాలి. కొత్త విద్యార్థి మొదట తడబడేది వయసుల దగ్గరే. కొందరు రోగుల వయసు మూడు వందల ఏళ్లు దాటి కనిపిస్తుంది! అది పొరపాటు కాదు. 89 ఏళ్లు దాటినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా కావాలనే అలా మార్చారు. తేదీలను కూడా రాబోయే శతాబ్దానికి జరిపారు. అయితే ఒకే రోగి విషయంలో రెండు ఘటనల మధ్య ఎడం మాత్రం చెక్కుచెదరదు. మార్చిన వయసులను గమనించకుండా సగటు వయసు లెక్కగడితే ఫలితం మొత్తం తప్పుతుంది.

దిద్దడంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. కోడ్ నడిచిందా లేదా అన్నది యంత్రమే చూస్తుంది. వచ్చిన జవాబుకు అర్థముందా అన్నది టీఏ చూడాలి. ఒంటి వేడి కొన్నిచోట్ల ఫారెన్‌హీట్‌లో 98.6 అనీ, కొన్నిచోట్ల సెల్సియస్‌లో 37 అనీ ఉంటుంది. రెండూ కలిపి సగటు తీస్తే కోడ్ ఏమాత్రం మొరాయించదు, జవాబు మాత్రం ఏ మనిషికీ చెందదు. రోగి బతుకుతాడా లేదా అని ముందే అంచనా వేసే నమూనాలో ఇంకో చిక్కుంది. ఈ డేటాలోని వ్యాధి కోడ్‌లు బిల్లింగ్ కోసం డిశ్చార్జి తర్వాత వేసినవి. వాటిని మొదటిరోజు అంచనాకు వాడితే, పరీక్షకు ముందే ప్రశ్నపత్రం చూసినట్టే. మార్కులు తగ్గించి ఊరుకోకుండా, ఎక్కడ దారి తప్పారో రెండు వాక్యాల్లో రాయడమే మంచి టీఏ పద్ధతి.

సందేహాల్లో చాలావరకు గడువు, ఫైలు పేరు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్ చుట్టూనే తిరుగుతాయి. వీటికోసం అదే జార్జియా టెక్‌లో మరో కోర్సుకు 2016లో ప్రొఫెసర్ అశోక్ గోయల్ బృందం జిల్ వాట్సన్ అనే కృత్రిమ మేధ టీఏను దించింది. డేటాకు అర్థం చెప్పాల్సిన ప్రశ్న వస్తే మాత్రం మనిషే కావాలి.

గోప్యత బాధ్యత రెండు వైపులా ఉంటుంది. రోగుల డేటాను విద్యార్థులు బహిరంగంగా పెట్టకుండా, ఒప్పందం లేనివారికి పంపకుండా టీఏ హెచ్చరించాలి. మరోవైపు, విద్యార్థి మార్కులను ఇంకొకరికి చెప్పకూడదని 1974 నాటి అమెరికా చట్టం ఫెర్పా టీఏను కట్టడి చేస్తుంది.

అమెరికాకు ఎఫ్-1 వీసాపై వెళ్లి క్యాంపస్‌లో చదివే తెలుగు విద్యార్థులు టీఏ పోస్టుల కోసం గట్టిగా ప్రయత్నిస్తారు. తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్ పనికి వారానికి 20 గంటలే పరిమితి. కొన్ని పోస్టులకు నెలనెలా స్టైపెండ్‌తోపాటు ఫీజులో మినహాయింపు వస్తుంది, కొన్నింటికి గంటల లెక్కన జీతమే. ఎంపికలో ఆ కోర్సును మంచి గ్రేడుతో పూర్తిచేసి ఉండటం పెద్ద అర్హత. మూడు వందల ఏళ్ల రోగి దగ్గర తానూ ఒకసారి ఆగి ఆలోచించినవారే, ఆ చిక్కును ఇంకొకరికి విడమరిచి చెప్పగలరు.