మీకు తెలుసా? ఏసీ ఆపకుండా ఎక్కాల్సిన కొండ

అరిజోనా, నెవాడా సరిహద్దులో కొలరాడో నది మీద డేవిస్ డ్యామ్ ఉంది. అక్కడి నుంచి తూర్పున కొండల్లోకి ఎక్కే 68వ నంబరు రహదారి మీదే అమెరికా పికప్ ట్రక్కుల లాగుడు శక్తి తేలుతుంది. ఒకప్పుడు ఏ కంపెనీకి తోచిన అంకె ఆ కంపెనీ చెప్పుకునేది. 2008లో ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం వచ్చాక ఈ ఎక్కుడే కొలబద్ద అయింది. మొదట ఒప్పుకున్నది టయోటా.

పరీక్ష కాస్త క్రూరమైనదే. 11.4 మైళ్ల ఎక్కుడు, కనీసం 38 డిగ్రీల ఎండ, వెనక నిండు బరువుతో ట్రెయిలర్. పైగా ఏసీ ఫుల్లుగా పెట్టాలి. దారిలో వేడెక్కి మొరాయిస్తే ఆ బరువు చెల్లదు.

ఆటోమేటిక్ గేరుబాక్సు కాగేది వేగం వల్ల అనుకుంటాం. నిజానికి నెమ్మది వల్లే ఎక్కువ. ఇంజన్ బలం గేర్లకు చేరేది టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ ద్వారా. ఇంజన్ వైపు చక్రం జోరుగా తిరుగుతూ గేర్ల వైపుది వెనకబడితే, ఆ తేడా అంతా ఆయిల్‌లో వేడిగా మిగులుతుంది. హైవే వేగంలో లాకప్ క్లచ్ ఆ రెంటినీ బిగించేస్తుంది కాబట్టి జారుడే ఉండదు. ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు, ఎక్కుడులో ఈడుస్తున్నప్పుడు ఆ బిగింపు ఉండదు. అన్నిటికన్నా చెడ్డ అలవాటు, వాలులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టడం.

వేసవి సెలవుల్లో ఆర్‌వీ అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్ వైపు వెళ్లే మనవాళ్లకు పరీక్ష నిబంధనలు వర్తించవు. ఎక్కుడులో ఏసీ తగ్గించుకోవచ్చు. టో/హాల్ బటన్ ఉంటే నొక్కండి, గేర్లు ఊరికే పైకీ కిందికీ మారుతూ ఉండవు. కింది గేరులో ఇంజన్ గోల చేసినా కంగారు పడొద్దు. చక్రాల మీద పడే బలం పెరుగుతుంది, ఇంజన్ జోరుకు ఆయిల్ పంపు కూడా జోరుగా తిరుగుతుంది.

వేడి ముల్లు పైకి పోతే పక్కకు తీసి ఆపండి గానీ, ఇంజన్ వెంటనే కట్టేయొద్దు. పంపు తిరిగితేనే ఆయిల్ కూలర్‌లోకి వెళ్లి చల్లబడుతుంది. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి న్యూట్రల్‌లో ఉంచడం మేలు. ఎందుకంటే కొన్ని పాత డాడ్జ్ ట్రక్కుల గేరుబాక్సుల్లో పార్క్‌లో పెడితే కూలర్‌కు ఆయిలే వెళ్లదు.