కూలీ చేతికి పూర్తి వేతనం: స్మార్ట్‌కార్డుకు తోడైన సామాజిక తనిఖీ

అభివృద్ధి చెందుతున్న దేశాలలో నూతన సాంకేతిక పరిజ్ఞానం ఫలాలు తొలుత చదువు, పెట్టుబడి కలవారికే అందడం, తత్ఫలితంగా ఆదాయ అంతరాలు పెరగడం తరచుగా కనిపిస్తుంది. అదే పరిజ్ఞానం పేదల చట్టబద్ధ హక్కుకు అండగా నిలిచినప్పుడు ఫలితం భిన్నంగా ఉంటుందనడానికి ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఉపాధి హామీ అనుభవం నిదర్శనం.

హక్కుగా మారిన పని

వర్షాధార సేద్యంపై ఆధారపడిన ఈ మెట్ట ప్రాంతాన్ని కరవు, వలస చిరకాలంగా పీడించాయి. గుంపు మేస్త్రీల వద్ద ముందుగా సొమ్ము తీసుకొని, దూరప్రాంతాలలో ఆనకట్టలు, కాలువలు నిర్మించడానికి తరలివెళ్లిన పాలమూరు కూలీలు దేశమంతటా సుపరిచితులు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న తొలి విడతగా 200 జిల్లాలలో అమలులోకి వచ్చినప్పుడు ఈ రెండు జిల్లాలకూ స్థానం లభించింది. కుటుంబానికి ఏటా 100 రోజుల పని, 15 రోజులలోగా వేతనం ఆ చట్టం కల్పించిన హక్కులు.

స్మార్ట్‌కార్డు ఫలితాలు

వేతనం మధ్యవర్తుల పాలు కాకుండా ఉండేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్మార్ట్‌కార్డులను ప్రవేశపెట్టింది. వేలిముద్ర సరిపోల్చి గ్రామంలోనే సొమ్ము చెల్లించడం, ఆ బాధ్యతను స్థానిక స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించడం ఈ విధానంలోని విశేషాలు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ 2010-12 మధ్య నల్గొండ సహా 8 జిల్లాలలోని 157 మండలాలలో దీనిని అధ్యయనం చేశారు. వేతన సొమ్ము దారి మళ్లడం 41 శాతం తగ్గినట్లు తేలింది. పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. ఈ పెరుగుదలలో 86 శాతం పథకం వెలుపలి పనుల నుంచే సమకూరింది. ఊరిలో వేతనం సక్రమంగా అందినందున కూలీలు తక్కువ కూలికి అంగీకరించవలసిన అగత్యం తగ్గి, ఇతర పనులలోనూ కూలి రేట్లు పెరిగాయి.

ప్రజల ఎదుట లెక్కలు

అయితే రెండేళ్ల తర్వాత కూడా ఆ మండలాలలో సుమారు సగం చెల్లింపులే ఈ విధానంలోకి వచ్చాయి. పైగా సొమ్ము ఎవరు తీసుకున్నారో యంత్రం చెప్పగలదు గాని, పని జరిగిందో లేదో, కొలతలు సరిగా నమోదయ్యాయో లేదో చెప్పలేదు. ఆ లోటును సామాజిక తనిఖీ పూరించింది. చట్టంలోని 17వ సెక్షన్ ఈ అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. శిక్షణ పొందిన కూలీ కుటుంబాల యువతీయువకులు ఇంటింటికీ వెళ్లి మస్టరులోని పేర్లను, చెల్లించిన మొత్తాలను సరిచూశారు. వెల్లడైన అంశాలను మండల ప్రజావేదికలో అధికారుల సమక్షంలో చదివి వినిపించారు.

ఈ విధంగా కంప్యూటర్‌లోని లెక్క కూలీల ముందు బహిరంగ చర్చకు వచ్చింది. తన పేరిట ఎంత సొమ్ము విడుదలైందో తెలుసుకొని, తేడా ఉంటే పదిమందిలో ప్రశ్నించే అవకాశం కూలీకి లభించినప్పుడే సాంకేతికత ఆదాయ అంతరాన్ని తగ్గించే సాధనం కాగలదు.