కొత్త భాష ఎలా పట్టుబడుతుంది?

1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరింది. అప్పటినుంచీ ఎన్నో రాష్ట్రాల వాళ్లు అక్కడికి ఉద్యోగాలకు వస్తూనే ఉన్నారు. ఇంట్లో ఏ భాష మాట్లాడినా, దగ్గర్లోని సూళ్లూరుపేట బజారుకు వెళ్తే తెలుగు కావాలిగా! మరి ఎలా నేర్చుకోవాలి?

మనం వాడే ఉపాయాలను రెబెకా ఆక్స్‌ఫర్డ్ అనే పరిశోధకురాలు 1990లో ఆరు రకాలుగా విడదీశారు. గుర్తుపెట్టుకోవడం ఒకటి. భాష నడకను గమనించి సాధన చేయడం ఇంకొకటి. మలయాళంలో నేను వచ్చినా, అతను వచ్చినా, ఆమె వచ్చినా క్రియ మారదు. అందుకే కేరళ నుంచి వచ్చిన పిల్లలు మన ‘వచ్చాను, వచ్చాడు, వచ్చింది’ల తేడాను పనిగట్టుకుని పట్టుకోవాలి. తమిళ పిల్లలకు ఆ ఇబ్బంది లేదు, వాళ్ల భాషలోనూ క్రియ అలాగే మారుతుంది.

మూడోది నాకు చాలా ఇష్టం: తెలియనిచోట సర్దుకుపోవడం. బెండకాయ పేరు తెలియని పిల్లాడు, “పచ్చగా, పొడుగ్గా, కోస్తే జిగురు” అంటాడు. “బెండకాయలా నాయనా?” అంటుంది కూరగాయలమ్మే అవ్వ. పని జరిగింది, పేరూ తెలిసింది!

రోజూ ఎంత నేర్చుకోవాలో అనుకోవడం, బెరుకు పోగొట్టుకోవడం, నలుగురితో కలవడం మిగతా మూడు. ఇవి భాష నేర్పేవిగా పైకి కనిపించవు కానీ, బెరుకు పోనిదే నోరు పెగలదు. ఎందుకీ విభజన అంటారా? బట్టీపట్టినా మాట రాకపోతే, లోటు ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది.