గర్భిణుల కాళ్ళవాపు: రైతు గృహములందు తెలిసికొనదగిన విషయములు

చూడిగేదె ఒకపూట మేత మానినచో మన రైతు ఆ దినముననే పశువైద్యునకు కబురంపును. తానే కొట్టములోనికి పోయి పొదుగును, కాళ్ళను, పేడను పరీక్షించి చూచును. ఆ యింటనే కోడలికి ఎనిమిదవ నెలలో పాదములు ఉబ్బినచో "మామూలే, కాన్పుతో పోవును" అని ఒక్కమాటతో సరిపుచ్చును. రైతు నిర్దయుడని మా అభిప్రాయము కాదు. ఆ మాటలో చాలవరకు నిజము కలదు. కాని అందులేని కొంచెము తెలియకపోవుటచేతనే తల్లికిని, బిడ్డకును ప్రాణాపాయము కలుగుచున్నది. ఏ వాపు మామూలిది, ఏది కాదు అను భేదమును రామగిరి ప్రాంతపు సభ్యులకు తెలియజేయుటకై దీనిని వ్రాయుచున్నాము.

గర్భము ధరించిన స్త్రీ శరీరమున రక్తము మునుపటికంటె సుమారు సగమువంతు వరకు పెరుగును. శరీరములోని నీరును పెరుగును. నెలలు నిండుచున్నకొలది గర్భసంచి బరువై, కాళ్ళనుండి గుండెకు రక్తమును చేర్చు పెద్దసిరను నొక్కును. కాలువకు దిగువను మన్నుపడి అడ్డము కట్టినచో ఎగువపొలములలో నీరు ఊరుట మన రైతు లందరు ఎరిగినదే. కాళ్ళవాపును అట్టిదే. మధ్యాహ్నమునుండి సాయంకాలమువరకు చీలమండలయొద్ద ఉబ్బి, వ్రేలితో నొక్కిన సొట్టపడి, రాత్రి పండుకొని లేచునప్పటికి తగ్గునట్టి వాపు, రెండు కాళ్ళకును సమముగా నున్నచో, సాధారణముగా భయపడవలసినది కాదు. ఎండ 45 డిగ్రీలను దాటు దినములు మన రామగుండము, రామగిరి ప్రాంతములకు క్రొత్తవి కావు. ఆ వేసవిలో ఈ వాపు హెచ్చగుట సహజము.

అయినను ఉపశమనము చేయక విడువరాదు. ఈ ప్రాంతమున కొన్ని యిండ్లలో మగవారు గనులలో షిఫ్టులకు పోగా, పొలముపని ఆడువారిపై పడుచున్నది. వరినాట్లలో బురదయందు వంగి నిలుచుట, ప్రత్తి ఏరుచు పూటలతరబడి నిలుచుట వాపును పెంచును. కావున ఏడవనెల దాటిన స్త్రీకి నిలిచి చేయు పనిని తప్పించి, కూర్చుండి చేయు తేలికపని నీయవలయును. ఆ పనిలోను అరగంట కొకసారి లేచి నాలుగడుగులు నడచుట మంచిది. కాళ్ళు వ్రేలాడవేసి ఎక్కువసేపు కూర్చుండరాదు. మధ్యాహ్నము ఒక గంట ఎడమప్రక్కకు తిరిగి, కాళ్ళక్రింద దిండు నుంచుకొని పండుకొనవలయును. ఇట్లు చేయుటచే సిరపై ఒత్తిడి తగ్గును. పాదములను గుండ్రముగా త్రిప్పుచు, ముందుకు వెనుకకు ఆడించుచు నుండిన రక్తము పైకి ప్రసరించును. బిగువైన చెప్పులు, పట్టీలు తీసివేయవలయును. మెట్టెలు వ్రేళ్ళను కోయునంతవరకు ఊరకుండక, అత్తగారే ముందుగా వానిని వదులు చేయించుట యుక్తము. అందు అరిష్టమేమియు లేదు.

ఆహారవిషయమున రెండు పొరపాట్లు మన పల్లెలలో వాడుకలో నున్నవి. "నీరు త్రాగినచో నీరు పట్టును" అని దాహమునకు సైతము నీరు తగ్గించుట మొదటిది. ఉప్పు పూర్తిగా మానిపించి చప్పిడికూడు పెట్టుట రెండవది. రెండును తగవు. నీరు దాహము తీరునట్లు త్రాగవలయును. ఉప్పును వంటలో మితముగా వాడి, ఊరగాయలను, అప్పడములను తగ్గించిన చాలును. పప్పు, ఆకుకూరలు, పాలు, గ్రుడ్లు నిత్యము ఉండవలయును. తెలంగాణములో 2015 జనవరి 1న ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము గర్భిణులకు అంగన్వాడీ కేంద్రమున ఒకపూట పూర్తిభోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చుటకై ఏర్పడినది. బిడియపడి పోకుండుటవలన నష్టపడునది ఆమెయే.

మన రామగిరి ఖిల్లా ఓషధులకు ప్రసిద్ధి. ఆయుర్వేదమున పునర్నవ యనబడు అటికమామిడి వాపులకు వాడబడు మూలిక. దానిని మేము తక్కువచేయుట లేదు. కాని గర్భిణికి ఆ కషాయమునుగాని, మూత్రము జారీయగుటకు దుకాణమున అమ్ము బిళ్ళలనుగాని ఎవరికివారు ఇయ్యరాదు. బిడ్డకు హాని కలుగవచ్చును. పైగా వాపు తగ్గినట్లు కనబడి అసలు జబ్బు లోపల పెరుగుచుండవచ్చును.

ఆ అసలు జబ్బేదో ఇక వ్రాయుదుము. పెద్దలు గుర్రపువాతమని పేరుపెట్టినది ఇదియే. గర్భము ధరించిన 20 వారములు దాటిన పిమ్మట కొందరు స్త్రీలకు రక్తపోటు 140/90 గాని, అంతకు మించిగాని పెరుగును. తరచుగా మూత్రములో మాంసకృత్తులు పోవును. ముఖము, చేతులు హఠాత్తుగా ఉబ్బుట, ఉదయము లేచునప్పటికిని వాపు తగ్గకుండుట, విడువని తలనొప్పి, కన్నులు మసకబారుట, మెరుపులు కనబడుట, డొక్కక్రింద కడుపు పైభాగమున నొప్పి, వాంతులు, ఊపిరాడకుండుట దీని గురుతులు. అశ్రద్ధ చేసినచో ఫిట్సు వచ్చును. దానిని గాలిచేష్ట యని భూతవైద్యునియొద్దకు తీసికొనిపోవుటచే గడచిన ప్రతి గంటయు ప్రాణాంతకమే. కొందరికి వాపు లేకయే ఈ జబ్బు రావచ్చునని ప్రత్యేకముగా గమనింపవలయును. కావున పాదములను చూచి నిర్ణయింపరాదు. రక్తపోటు కొలుచుట, మూత్రము పరీక్షించుట, ఈ రెండే నిర్ణయించును.

ఈ పరీక్షలు దుర్లభములు కావు. ఉపకేంద్రమునందును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును ఉచితముగా చేయుదురు. ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో వైద్యులచే గర్భిణులను పరీక్ష చేయించు కార్యక్రమము 2016లో దేశమంతట ఆరంభింపబడినది. పరీక్షించిన అంకెలను గర్భిణికిచ్చు కార్డులో వ్రాయుదురు. పట్టాదారు పాసుపుస్తకమును ఎన్నిమారులు త్రిప్పిచూతుమో ఆ కార్డును అన్నిమారులు చూడవలయును. వ్రాయకున్నచో అడిగి వ్రాయించుకొనవలయును.

జబ్బు కనబడినను నిరాశ పడనక్కరలేదు. మెగ్నీషియము సల్ఫేటు అను చౌకయైన మందును సూదిద్వారా ఇచ్చినచో ఫిట్సు వచ్చు అవకాశము సగమునకు తగ్గునని, 33 దేశములలో పదివేలకు పైబడిన స్త్రీలపై జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. రక్తపోటునకు గర్భమున వాడదగిన మందులు కలవు. కాన్పు ఎప్పుడు చేయవలయునో వైద్యులు నిర్ణయింతురు. ఈ చికిత్స ఆసుపత్రిలోనే సాధ్యము.

మరి రెండు వాపులను గూర్చి హెచ్చరించుచున్నాము. ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, ఎఱ్ఱగా, వేడిగా నున్నచో సిరలో రక్తము గడ్డకట్టి యుండవచ్చును. ఆ కాలిని మర్దన చేయక వెంటనే ఆసుపత్రికి పోవలయును. ముఖము పాలిపోయి, ఆయాసముతోకూడ వాపు ఉన్నచో రక్తహీనతయేమో చూపించుకొనవలయును. మనదేశమున గర్భిణులలో సగమునకు మించిన వారికి రక్తహీనత కలదు. ఇనుపధాతువు బిళ్ళలు నల్లని విరేచనము చేయునని పారవేయరాదు. అది హానికరము కాదు. ఆ బిళ్ళలను, కాల్షియము బిళ్ళలను ఒకేమారు మ్రింగక వేరువేళల వేసికొనవలయును. కాన్పు అయిన పిమ్మటకూడ కొన్నివారములవరకు గుర్రపువాతము రావచ్చును గనుక బాలింతకు తలనొప్పి, చూపు మసక కలిగినచో ఉపేక్షింపరాదు.

సహకారమునకు ఇందు పని కలదా యని కొందరు అడుగవచ్చును. కలదనియే మేము చెప్పుదుము. నాట్లకాలమున ఒకరి పొలమున ఒకరు పనిచేసికొను వాడుక మనకున్నది. గర్భిణిగల యింటికి ఆమెవంతు పనిని తక్కినవారు పంచుకొనుట ఒకటి. ఊరిలో నెలలు నిండిన స్త్రీ లెవరో ఆశాకార్యకర్తవలన తెలిసికొని, రాత్రివేళ బండి యిచ్చువానిని ముందే ఏర్పాటు చేసికొనుట రెండవది. 108కి పిలిచినచో అంబులెన్సు ఉచితముగా వచ్చును. అది ఆలస్యమైనచో మన బండి సిద్ధముగా నుండవలయును. మంథని, గోదావరిఖని, పెద్దపల్లి ప్రభుత్వాసుపత్రులలో ఏది దగ్గరయో, ఏ దారిని పోవలయునో ఇంటివారు ముందే నిశ్చయించుకొనుట మూడవది.

ఈ రాత్రి భోజనమునకు కూర్చుండునప్పుడు ఇంటిలోని గర్భిణిని రెండు మాటలడుగుడు: "ఉదయమున వాపు తగ్గినదా? క్రిందటిసారి రక్తపోటు ఎంత?" రెండవదానికి ఎవరికిని సమాధానము తెలియనిచో, రేపటి పొలముపనికి ముందు పోవలసినది ఉపకేంద్రమునకే.