జిల్లా చదువుకు జవాబుదారు ఎవరు? తెలంగాణ పాఠశాల విద్య - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
విద్యార్థుల అభ్యసన స్థాయిని పెంచే బాధ్యతను జిల్లా విద్యాయంత్రాంగంపై ఉంచినప్పుడు ఆ బాధ్యతను దేనితో కొలవాలి, ఎవరిని ప్రశ్నించాలి అన్నవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు. తెలంగాణలో పదవ తరగతి ఉత్తీర్ణత శాతమే జిల్లా పనితీరుకు ప్రధాన గుర్తుగా స్థిరపడింది. ఆ కొలమానం పరిమితులను, జిల్లా అధికారుల అధికార పరిధిని, అమెరికా అనుభవాన్ని, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన క్షేత్రప్రయోగాలను పరిశీలించి, జవాబుదారీతనానికి పిల్లల ఎదుగుదలే ఆధారం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జవాబుదారీతనం, జిల్లా విద్యాశాఖ, ఉత్తీర్ణత శాతం, అభ్యసన ఫలితాలు, పాఠశాల యాజమాన్య కమిటీ.

1. ఉపోద్ఘాతం

‘జవాబుదారీతనం’ అనే మాటలో మూడు భాషల కలయిక ఉంది. అరబ్బీ నుంచి వచ్చిన ‘జవాబు’కు పారసీక ప్రత్యయం ‘దారీ’ చేరింది. దానికి తెలుగు ‘తనం’ తోడైంది. ‘బాధ్యత’ ఒక పనికి కట్టుబడి ఉండటాన్ని సూచిస్తే, ‘జవాబుదారీతనం’ ఆ పని గురించి అడిగినవారికి సమాధానం చెప్పడాన్ని సూచిస్తుంది. జవాబు ఉన్నచోట ప్రశ్న ఉండి తీరాలి. కాబట్టి ఒక జిల్లాను చదువుకు జవాబుదారు చేయడమంటే, ముందుగా ప్రశ్న ఏమిటో, దాన్ని ఎవరు ఎప్పుడు అడుగుతారో తేల్చుకోవడమే.

హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ఎల్.బి. స్టేడియం ఎదుట ఉన్న రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ పాఠ్యపుస్తకాలను రూపొందిస్తుంది. ఏ తరగతి విద్యార్థి ఏమి నేర్చి ఉండాలో నిర్దేశిస్తుంది. అంటే ప్రశ్న అక్కడ సిద్ధంగానే ఉంది. మూడవ తరగతి పిల్లవాడు తెలుగులో ఒక పేరాను అర్థం చేసుకుంటూ చదవగలడా? అయితే జిల్లా అధికారిని ఏటా బహిరంగంగా అడుగుతున్న ప్రశ్న ఇది కాదు.

2. ఉత్తీర్ణత శాతం అనే కొలమానం

ప్రతి ఏటా పదవ తరగతి ఫలితాలతోపాటు జిల్లాలవారీ ఉత్తీర్ణత శాతాలు వెలువడతాయి. ఏ జిల్లా మొదటి స్థానంలో ఉందో, ఏది చివరన ఉందో మర్నాటి పత్రికల్లో ప్రధానాంశమవుతుంది. ఈ సంఖ్యకు మూడు పరిమితులు ఉన్నాయి.

మొదటిది, ఇది పదేళ్ల చదువుకు చివరి మజిలీలో తీసే లెక్క. ఐదవ తరగతిలో చదవడం రాని పిల్లవాడి సంగతి ఐదేళ్ల తరువాతగాని ఈ లెక్కలోకి రాదు. ఈలోగా అధికారులు మారతారు, ఉపాధ్యాయులు మారతారు. నష్టం మాత్రం పిల్లవాడి దగ్గరే ఉండిపోతుంది.

రెండవది, ఇది జిల్లాలోని ప్రభుత్వ, జిల్లా పరిషత్తు, గురుకుల, ప్రైవేటు పాఠశాలలన్నింటినీ కలిపి వేసే సగటు. ఐదవ తరగతిలో ప్రవేశపరీక్ష ద్వారా విద్యార్థులను చేర్చుకునే గురుకులాల్లో అధికభాగం నిర్వహణ సంక్షేమ శాఖలది. అలాంటి పాఠశాలలు ఎక్కువగా ఉన్న జిల్లా, విద్యాశాఖ ప్రత్యేక కృషి ఏదీ లేకుండానే పై స్థానానికి చేరవచ్చు.

మూడవది, 35 మార్కుల గీత. ఆ గీతకు కొద్దిగా దిగువన ఉన్నవారిపై శ్రద్ధ పెడితే శాతం త్వరగా పెరుగుతుంది. బాగా వెనుకబడినవారిపై పెట్టిన శ్రద్ధ శాతంలో కనిపించదు. ఈ సంఖ్య ఎంత సులభంగా చదువు నుంచి విడివడగలదో 2020లో తెలిసింది. కరోనా కారణంగా పరీక్షలు పూర్తికాక, అంతర్గత మూల్యాంకనం ఆధారంగా 5 లక్షల 30 వేలకు పైగా విద్యార్థులను రాష్ట్ర ప్రభుత్వం ఉత్తీర్ణులుగా ప్రకటించింది. ఆ నిర్ణయం ఆనాటి పరిస్థితిలో అనివార్యం. కానీ ఆ ఏటి శాతం ఏ జిల్లా చదువు గురించీ ఏమీ చెప్పదు.

కేంద్ర విద్యాశాఖ 2022లో మొదటిసారి ప్రకటించిన జిల్లాల పనితీరు సూచీ కొంత విస్తృతమైనది. ఇందులో 83 సూచికలకు 600 పాయింట్లు ఉండగా, ఫలితాల విభాగానికి 290 కేటాయించారు. 2017, 2021 సంవత్సరాల్లో జరిగిన జాతీయ సాధన సర్వే కూడా జిల్లాస్థాయి వివరాలు ఇచ్చింది. అయితే అది కొన్నేళ్లకొకసారి నమూనా పద్ధతిలో జరిగే సర్వే. జిల్లా పరిస్థితిని అది చూపగలదు కాని, ఏ బడిలో ఏ పిల్లవాడు వెనుకబడ్డాడో చెప్పలేదు.

3. బాధ్యత ఒకరిది, అధికారం మరొకరిది

జిల్లాను జవాబుదారు చేయాలన్న ఆలోచనకు అమెరికా విధానాలు ప్రధాన ప్రేరణ. అయితే అక్కడి ‘స్కూల్ డిస్ట్రిక్ట్’, మన ‘జిల్లా’ ఒకటి కావు. అక్కడ సాధారణంగా ఎన్నికైన బోర్డు ఉంటుంది. ఉపాధ్యాయులను నియమించుకునేదీ, బడ్జెట్‌ను నిర్ణయించేదీ ఆ వ్యవస్థే. మన జిల్లా విద్యాశాఖాధికారి రాష్ట్ర ప్రభుత్వోద్యోగి. నియామక ప్రకటన, బదిలీల కాలపట్టిక, నిధుల విడుదల రాష్ట్రస్థాయి నిర్ణయాలు. ‘జిల్లా ఎంపిక కమిటీ’ అన్న పేరుతోనే ఉపాధ్యాయ నియామకాలు జరిగినా, 2017 ప్రకటన తరువాత తెలంగాణలో మరో నియామకం పూర్తికావడానికి 2024 వరకు వేచి ఉండాల్సి వచ్చింది. ఆ ఏడాది 11,062 పోస్టులకు ప్రకటన వెలువడింది. ఇన్నేళ్ల ఖాళీలకు జిల్లా అధికారి ఏమని జవాబు చెప్పగలడు?

2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019లో ఆ సంఖ్య 33కు చేరింది. పర్యవేక్షణ పదవుల భర్తీ ఈ విస్తరణ వేగాన్ని అందుకోలేదు. సర్వీసు నిబంధనల వివాదాల వల్ల చాలా మండలాల్లో ప్రధానోపాధ్యాయులే మండల విద్యాశాఖాధికారులుగా ఇన్‌ఛార్జి బాధ్యతలు మోస్తూ వచ్చారు. తన బడిని నడుపుతూనే మండలంలోని బడులన్నింటినీ చూడవలసిన వ్యక్తిని నిలదీయడం తేలిక. కాని దానివల్ల బడి బాగుపడదు.

4. రెండు అనుభవాలు

అమెరికాలో 2002లో అమలులోకి వచ్చిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం 2014 నాటికి విద్యార్థులందరూ నిర్ణీత స్థాయికి చేరాలని లక్ష్యం విధించింది. చేరని పాఠశాలలపై చర్యలు నిర్దేశించింది. వెనుకబడిన వర్గాల పిల్లల ఫలితాలను విడిగా ప్రకటించడం ఆ చట్టం చేసిన మేలు. కాని పరీక్ష ఫలితాల ఒత్తిడి ఎక్కడికి దారితీయగలదో అట్లాంటాలో వెల్లడైంది. అక్కడి 44 పాఠశాలల్లో జవాబు పత్రాలను దిద్దడం వంటి అక్రమాలు జరిగాయని 2011లో దర్యాప్తు నివేదిక తేల్చింది. 2015లో ఆ చట్టం స్థానంలో మరొకటి వచ్చింది.

రెండవ అనుభవం మనది. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ సహకారంతో ఆర్థికశాస్త్రవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ క్షేత్రప్రయోగాలు జరిపారు. ఒక ప్రయోగంలో విద్యార్థుల స్థాయిని వివరించే నివేదికలను ఉపాధ్యాయులకు అందజేసి, తరగతులను పరిశీలించారు. పరిశీలకులు వచ్చినప్పుడు బోధనలో చురుకుదనం కనిపించింది గాని, పిల్లల మార్కుల్లో మెరుగుదల రాలేదు. మరొక ప్రయోగంలో విద్యార్థుల సగటు మార్కుల పెరుగుదలను బట్టి ఉపాధ్యాయులకు ప్రోత్సాహకం ఇచ్చారు. రెండేళ్ల తరువాత ఆ బడుల పిల్లలు ఇతర బడుల పిల్లలకంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు.

ఈ ప్రయోగాల నుంచి ప్రోత్సాహక ధనం ఒక్కటే మార్గమని తీర్మానించనవసరం లేదు. ఇక్కడ గ్రహించవలసినవి రెండు. నివేదిక చేతికిచ్చినంత మాత్రాన మార్పు రాదు. అలాగే, ఆ ప్రయోగం కొలిచింది పిల్లలు ఎక్కడ ఉన్నారన్నది కాదు, ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చారన్నది.

5. ప్రతిపాదనలు

ఎదుగుదలే కొలమానం కావాలి. ఒక మండలంలో ధారాళంగా చదవగల మూడవ తరగతి పిల్లలు ఒక ఏడాదిలో 40 శాతం నుంచి 60 శాతానికి పెరిగారనుకుందాం. మరొక మండలంలో 85 శాతం 86 అయిందనుకుందాం. నేటి వరుసలో రెండవదే ముందుంటుంది. కాని ఎక్కువ పని జరిగింది మొదటిదానిలోనే. ప్రాథమిక తరగతుల్లో చదవడం, లెక్కలు చేయడంపై 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ వంటి కార్యక్రమాన్ని ఇందుకు పునాదిగా చేసుకోవచ్చు. అయితే బోధించినవారే తమ ఫలితాన్ని నమోదు చేసే పద్ధతికి తోడుగా, కొన్ని బడుల్లోనైనా బయటివారు మరోసారి పరీక్షించి సరిచూడాలి.

జవాబు రెండువైపులా ఉండాలి. జిల్లా నుంచి రాష్ట్రం అభ్యసన ఫలితాలను అడిగినట్లే, ఖాళీలు, నిధులు, శిక్షణల గురించి జిల్లా రాష్ట్రాన్ని అడగగలగాలి. ఉత్తీర్ణత శాతం పక్కనే ఆ జిల్లాలోని ఉపాధ్యాయ ఖాళీల సంఖ్యను కూడా ప్రచురించడం ఇందుకు తొలి అడుగు.

తల్లిదండ్రులకు ప్రశ్నించే అవకాశం ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు. కాని వారికి అందే సమాచారం శాతాలు, గ్రేడుల భాషలో ఉంటే అడగడానికి ఏమీ మిగలదు. ‘మీ బడిలో మూడవ తరగతి పిల్లలు ఇంతమంది, తెలుగు ధారాళంగా చదవగలిగేవారు ఇంతమంది’ అని ఒక వాక్యంలో చెబితే అక్షరజ్ఞానం లేని తల్లి కూడా తదుపరి ప్రశ్న వేయగలదు.

6. ముగింపు

జిల్లాలకు స్థానాలు కేటాయించడం జవాబుదారీతనం కాదు. అది ప్రశ్న లేకుండా ఇచ్చే తీర్పు మాత్రమే. పిల్లవాడి ఎదుగుదలను ఏటా కొలవడం, కొలిచినదాన్ని తల్లిదండ్రులకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం, బాధ్యత మోసేవారికి తగిన అధికారం ఇవ్వడం - ఈ మూడూ కలిసినప్పుడే జిల్లాను ప్రశ్నించే నైతిక హక్కు రాష్ట్రానికి లభిస్తుంది. పదవ తరగతి ఫలితాల రోజున వేసే ప్రశ్నను మూడవ తరగతి గదిలో వేయగలిగితే, జవాబు వినడానికీ సరిదిద్దడానికీ ఇంకా ఏడేళ్ల కాలం చేతిలో ఉంటుంది.