గురి చేతిదా? పాత్రదా? – వీడియో ఆటలపై ఆటగాండ్ర వాదము

ప్రక్కగదిలో పిల్లలు వీడియో ఆట ఆడుచుండగా పెద్దల చెవిని బడునది తుపాకి మ్రోత యొక్కటియే. అందుచేత ఈ ఆటలన్నియు ఒక్క తానులోని ముక్కలే యని పెద్దలు తలచుట వింత కాదు. ఆడువారు మాత్రము అట్లు తలంపరు. వారిలో రెండు బలమైన పక్షములు కలవు. తుపాకి గురిపెట్టి కాల్చుటయే ప్రధానముగా గల ఆటలు మేలని యొక పక్షము. ఒక పాత్రను ధరించి, దాని శక్తియుక్తులను పెంపొందించుకొనుచు కథను నడపు ఆటలు మేలని రెండవ పక్షము. మొదటివానిని షూటర్లనియు, రెండవవానిని రోల్ ప్లేయింగ్ ఆటలనియు వ్యవహరింతురు. మనము వీనిని కాల్పుల ఆటలు, పాత్రధారణ ఆటలు అని పిలుచుకొందము. ఈ ఆటలు నేడు శ్రోతలలో పలువురి యిండ్లలో ప్రవేశించినవి గనుక, ఆ పక్షముల వాదము దేనిపై నడచుచున్నదో వివరింప దలచితిమి.

మన యాటలను బట్టియే ఈ భేదమును గ్రహింపవచ్చును. గోలీలాటలో గోలీ తగులుటయు, తప్పుటయు వ్రేలి నేర్పును బట్టి యుండును. అందు తప్పిన గురికి వేరొకరిని నిందించుటకు వీలులేదు. వీధినాటకములోని న్యాయము వేరు. భీముని వేషము కట్టినవాడు బక్కపలుచని వాడైనను, గద యెత్తినప్పుడు భీముడే. ఆ బలము వేషధారిది కాదు, పాత్రది. కాల్పుల ఆట గోలీలాటకు చుట్టము. పాత్రధారణ ఆట వీధినాటకమునకు చుట్టము. రెండింటిలోను తెరమీద తుపాకి కనబడవచ్చును గాని, ఆ తుపాకి గుండు గురికి తగులునా లేదా యని నిర్ణయించు అధికారి వేరు.

కాల్పుల ఆటల వంశము పాతది. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కొందరు యువకులు స్పేస్‌వార్ అను ఆటను కంప్యూటరుపై రచించిరి. ఒక నక్షత్రము చుట్టును తిరుగుచు రెండు నౌకలు ఒకదానిపై నొకటి కాల్పులు జరుపుటయే ఆ యాట. ముప్పది సంవత్సరముల తరువాత, 1992లో వుల్ఫెన్‌స్టైన్ త్రీడీయు, 1993 డిసెంబరులో డూమ్‌యు వెలువడినవి. రెండింటిని ఐడి సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థయే నిర్మించినది. వీనిలో ఆటగాడు కథానాయకుని కండ్లతోనే లోకమును చూచును. తెర యడుగు భాగమున తుపాకి మాత్రము కనబడును. డూమ్ మొదటి భాగమును ఉచితముగా పంచిపెట్టినందున ఆ పద్ధతి లోకమంతట వ్యాపించినది.

పాత్రధారణ ఆటలు కంప్యూటరుపై పుట్టినవి కావు. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు అమెరికనులు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను ప్రకటించిరి. దానికి కావలసినవి కాగితము, పెన్సిలు, పాచికలు, నలుగురు స్నేహితులు. వారిలో నొకడు సూత్రధారుడై కథ చెప్పును. తక్కినవారు వీరుడో, మాంత్రికుడో, దొంగయో అయి తాము చేయబోవు పని చెప్పుదురు. ఆ పని నెరవేరినదా లేదా యనునది పాత్ర బలమును తెలుపు అంకెయు, పాచికయు కలిసి తేల్చును. 1981లో అల్టిమా, 1986లో జపానునందు డ్రాగన్ క్వెస్ట్, 1987లో ఫైనల్ ఫాంటసీ ఈ పద్ధతిని తెరమీదికి తెచ్చినవి. సూత్రధారుని స్థానమున కంప్యూటరు కూర్చున్నది. పాచిక కంటికి కనబడక లోపల దొర్లుచున్నది.

ఈ కనబడని పాచికయే కలహమునకు మూలము. 2002లో వెలువడిన మారోవిండ్ అను పాత్రధారణ ఆట ఇందుకు మంచి ఉదాహరణము. అందు ఆటగాడు ఎదుటివాని మీద కత్తి దూయును. కత్తి శరీరమునకు తగిలినట్లు తెరపై స్పష్టముగా కనబడును. అయినను దెబ్బ పడలేదని ఆట తీర్పు చెప్పును. ఏలయన పాత్రకు కత్తిసాము ఇంకను పట్టుపడలేదు. పాచిక ప్రతికూలముగా పడినది. కాల్పుల ఆటల పక్షమువారు దీనిని చూచి నవ్వుదురు. కంటి కెదుట తగిలిన దెబ్బ తగులలేదనుట ఏమి న్యాయమని వారి ప్రశ్న. రెండవ పక్షము వారి సమాధానమును తేలికగా త్రోసివేయదగినది కాదు. నిన్నటి దినమున కత్తి పట్టిన పాత్ర నేడు గురి తప్పవలదా? తప్పి తప్పి నేర్చుకొన్నప్పుడే గదా ఆ నేర్పునకు విలువ యని వారందురు. నాలుగేండ్ల తరువాత, 2006లో అదే సంస్థ నిర్మించిన ఆబ్లివియన్‌లో తగిలిన దెబ్బ తగిలినట్లే లెక్కకు వచ్చునట్లు మార్చిరి. పాత్ర నేర్పు దెబ్బ యొక్క తీవ్రతను మాత్రమే నిర్ణయించును. కొందరు దీనిని సంస్కరణ మనిరి, కొందరు లొంగుబాటనిరి.

ఇంతకంటె పెద్ద వివాదము ఫాలౌట్ అను ఆట చుట్టును చెలరేగినది. 1997లో ఇంటర్‌ప్లే సంస్థ ప్రకటించిన ఈ ఆట, అణుయుద్ధమున నశించిన కాలిఫోర్నియాలో జరుగు కథ. భూగర్భమున దాగి బ్రతుకుచున్న ఒక జనసమూహమునకు నీటిని శుద్ధిచేయు యంత్రములోని భాగము చెడిపోవును. దానిని 150 దినములలో వెదకి తెచ్చుట కథానాయకుని పని. ఆటగాడు రంగమును పైనుండి ఏటవాలుగా చూచును. పోరాటము చదరంగమువలె వంతులవారీగా సాగును. కాల్చుటకు ముందు గురి తగులు అవకాశము నూటికి ఎంతయో అంకెలలో కనబడును. ఎంతటి నేర్పరికైనను అది 95ను మించదు. పాత్రకు బుద్ధిబలము మిక్కిలి తక్కువగా పెట్టుకొన్నచో, ఆ పాత్ర నోట ముక్కలు ముక్కలుగా మాటలు తప్ప రావు. ఎదుటివారును అందుకు తగినట్లే ప్రవర్తింతురు.

ఈ ఆటలో అన్నిటికంటె చెప్పదగినది ముగింపు. శత్రునాయకుడు మనుష్యులను మార్చి ఒక నూతన జాతిని సృష్టింప బూనినవాడు. అతనిని ఆయుధములతో ఎదిరింపవచ్చును. అట్లు గాక, అతడు సృష్టించిన జాతికి సంతానము కలుగదని సాక్ష్యముతో నిరూపించి, అతని ఆశయమే వ్యర్థమని ఒప్పింపవచ్చును. ఒప్పుకొన్నచో అతడు తన్ను తానే నాశనము చేసికొనును. ఒక్క గుండును పేల్చకయే మహాశత్రువు ఓడిపోవును. పాత్రధారణ పక్షమువారు తమ మతమునకు ప్రమాణముగా చూపు ఘట్టములలో ఇది యొకటి.

తరువాత ఆ యాట హక్కులు బెతెస్డా అను సంస్థకు చేరినవి. 2008లో వారు తెచ్చిన మూడవ ఫాలౌట్ వాషింగ్టన్ నగర శిథిలములలో జరుగును. ఆటగాడు పాత్ర కండ్లతో లోకమును చూచుచు, తానే గురిపెట్టి కాల్చును. కావలసినప్పుడు కాలమును నిలిపి, శత్రువు శరీరములో ఏ భాగమునకు గురి తగులు అవకాశ మెంతయో అంకెలలో చూచుకొను ఏర్పాటును ఉంచిరి. ఇది ఉభయులను మెప్పింప జూచిన సంధి. కాని సంధి వలన ఉభయులకు తృప్తి కలుగుట అరుదు. పాత ఆటను ప్రేమించినవారు తమ చదరంగమును వేటగా మార్చిరని బాధపడిరి. కాల్పుల ఆటకు అలవాటుపడినవారు తుపాకి చేతిలో బరువుగా నున్నదని పెదవి విరిచిరి. అయినను, శిథిల నగరమున స్వేచ్ఛగా తిరుగు అనుభవమును మెచ్చి కొత్తగా వచ్చినవారు అసంఖ్యాకులు. 2010లో అబ్సిడియన్ సంస్థ నిర్మించిన న్యూ వెగాస్‌లో సంభాషణలకును, పక్షములను ఎన్నుకొనుటకును మరల ప్రాధాన్యము వచ్చినది. 2015లో నాలుగవ ఫాలౌట్‌లో కాల్పులు చక్కబడినవి. కథానాయకుని మాటలు మాత్రము నాలుగేసి చిన్న ఎంపికలకు కుదించుకుపోయినవి. చేతికి దొరికినది నోటికి పోయినదని పాతవారి మాట.

ఈ ప్రవాహము ఒక్క దిక్కునకే సాగలేదు. పాత్రధారణ ఆటలలోనికి తుపాకి ప్రవేశించినట్లే, కాల్పుల ఆటలలోనికి అంకెలును ప్రవేశించినవి. 1999లో ఇద్దరు యువకులు హాఫ్ లైఫ్ అను ఆటను సవరించి కౌంటర్ స్ట్రైక్‌ను తయారుచేసిరి. అందు ప్రతి పందెమును ఇరుపక్షములు సమానముగా ఆరంభించును. పదేండ్లు ఆడినవానికిని, నిన్న చేరినవానికిని మొదట లభించు ఆయుధములు, ధనము ఒక్కటే. 2007లో వచ్చిన నాల్గవ కాల్ ఆఫ్ డ్యూటీలో ఆడిన కొలది ఆటగాని స్థాయి పెరుగుచు, కొత్త ఆయుధములును, ప్రత్యేక శక్తులును చేతికందుచు వచ్చినవి. ఇది పాత్రధారణ ఆటల సొత్తు. నిత్యము ఆడుటకు ఇది ప్రోత్సాహమని కొందరు మెచ్చిరి. గోలీలాటలో కొందరికి పెద్ద గోలీలు ముందే పంచి యిచ్చినట్లున్నదని కొందరు ఆక్షేపించిరి. ఈ ఆక్షేపణ సమంజసమైనదని మా అభిప్రాయము. చేతి నేర్పే ప్రమాణమైన ఆటలో అందరికిని ఆరంభము సమముగా నుండుట ధర్మము.

ఇంతవరకు చెప్పినది నేర్పును గూర్చిన వాదము. దీనికి క్రింద మరియొక వాదము కలదు. అది బాధ్యతను గూర్చినది. 2009లో వెలువడిన ఒక కాల్ ఆఫ్ డ్యూటీ ఆటలో, ఆటగాడు దుండగుల ముఠాలో గూఢచారిగా చేరి, విమానాశ్రయమున నిరాయుధులైన ప్రయాణికులను వారు చంపుచుండగా వెంట నడువవలసిన ఘట్టమున్నది. ఆ ఘట్టమును విడిచిపెట్టి ముందుకు పోవు సౌకర్యమును నిర్మాతలే కల్పించిరి. ప్రయాణికులపై ఆటగాడు కాల్చకయు నుండవచ్చును. కాని కాల్చినను, కాల్చకున్నను కథ మారదు. కొందరు ఆటగాండ్రు దీనిని సాహసోపేతమైన రచన యనిరి. కొందరు, ఫలితము లేని ఎంపికను చేతికిచ్చి మనస్సును కలచుట అన్యాయమనిరి.

పాత్రధారణ పక్షమువారు ఇట్టిచోట తమ ఆటలే మేలని చెప్పుకొందురు. తమ ఆటలలో ఒకనిని చంపినచో ఊరు మారును, మాట మారును, ముగింపు మారును గదా యని వారి వాదము. కాని వారికిని పరాభవము తప్పలేదు. 2007లో మొదలైన మాస్ ఎఫెక్ట్ కథాత్రయములో, ఒక భాగమున చేసిన నిర్ణయములు తరువాతి భాగమునకు సంక్రమించును. అయిదేండ్లు అట్లు నిర్ణయములు చేయుచు వచ్చినవారికి, 2012లో వచ్చిన మూడవ భాగము ముగింపు ఆ నిర్ణయములన్నిటిని ఒక్క చివరి ఎంపికలో ముంచివేసినట్లు తోచినది. నిరసన ఎంత బలముగా వచ్చినదనగా, నిర్మాతలైన బయోవేర్ సంస్థ ఆ యేటి జూన్ నెలలోనే ముగింపును విస్తరించి ఉచితముగా అందజేసినది. రచయితకు తన కథపై గల హక్కెంత, ఆ కథలో అయిదేండ్లు నడచినవానికి గల హక్కెంత యను ప్రశ్న అప్పుడు పుట్టినది. సాహిత్యములోను ఇది చిన్న ప్రశ్న కాదు.

ఇక మన యిండ్ల మాట. 2018లో పబ్‌జీ అను కాల్పుల ఆట చేతిఫోనులలోనికి వచ్చినది. నూరుమంది వరకు ఒక ద్వీపముపై దిగి, చివరకు మిగిలినవారు గెలుచుట దాని పద్ధతి. తెలుగునాట పట్టణము, పల్లె యను భేదము లేక యువకులు దానిని ఆడిరి. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము దానిని నిషేధించినది. 2021 జూలైలో అది భారతదేశమునకు ప్రత్యేకించిన వేరొక పేరుతో వచ్చినది. మన పిల్లలు కాల్పుల ఆటలనే ఎక్కువగా ఆడుట చూచి, వారి స్వభావము హింసవైపు మొగ్గినదని కొందరు పెద్దలు చింతించుచున్నారు. మేము దీనికి వేరొక కారణమును గూడ చూచుచున్నాము. ఫోనుపై ఆడు కాల్పుల ఆటకు ప్రత్యేక యంత్రము అక్కరలేదు. ఒక పందెము అరగంటలో ముగియును. భాష రానవసరము లేదు. పెద్ద పాత్రధారణ ఆటకు ఖరీదైన యంత్రము, పదుల గంటల తీరిక, పుటలకొలది సంభాషణలను చదివి గ్రహించు శక్తి కావలెను. ఆ సంభాషణలు చాలవరకు ఇంగ్లీషులోనో, జపాను భాషలోనో ఉండును. తెలుగులో దొరకుట మిక్కిలి అరుదు. మాటతో శత్రువును ఓడించు ఆట కలదని చెప్పినను, ఆ మాట తన భాషలో లేనప్పుడు పిల్లవాడు తుపాకినే యెన్నుకొనును. రుచి యనుకొన్నది కొంతవరకు అందుబాటు మాత్రమే.

ఇట్లనుటవలన కాల్పుల ఆటలు తక్కువవని మా భావము కాదు. కన్ను, చేయి, సహచరుల మధ్య సంకేతము ఒక్క క్షణమున కలియుట కూడ ఒక విద్యయే. చెడుగుడు ఆడినవారికి ఆ యానందము తెలియును. అట్లే పాత్రధారణ ఆటలన్నియు జ్ఞానదాయకములని చెప్పుటయు పొరపాటే. అంకెలు పెంచుకొనుటకే గంటలకొలది ఒకే పనిని చేయించు ఆటలు వానిలో కొల్లలు. నిద్రను, చదువును హరించునది ఏ పక్షపు ఆటయైనను దానికి హద్దు పెట్టవలసినదే. ఆ హద్దు ఇంటి పెద్దల బాధ్యత; ఆట పేరునుబట్టి అది మారదు.

కాని హద్దు పెట్టుటకు ముందు ఒక ప్రశ్న వేయుట మంచిదని మనవి చేయుచున్నాము. ఎన్ని గంటలు ఆడినావు, ఎందరిని కాల్చినావు అని కాక, ఈ ఆటలో నీవు నిర్ణయించునది ఏమి అని అడుగుడు. ఒకడు తన గురిని గూర్చి, జట్టు నడపిన తీరును గూర్చి చెప్పును. మరియొకడు తాను ఎవరిని క్షమించెనో, ఎందుకు క్షమించెనో చెప్పును. మూడవవాడు చెప్పుటకు ఏమియు తోచక ఆగిపోవును. ఆ మూడవవాని విషయముననే పెద్దలు శ్రద్ధ వహింపవలసి యున్నది. మొదటి యిద్దరి తగవును వారికే విడిచిపెట్టవచ్చును.